మార్కెటింగ్ మేనేజర్ ‘రిమోట్’ ఉద్యోగం: కనిపించేవి వందలు, అందేవి కొన్నే ఎందుకు?

క్లుప్తంగా: ప్రకటనలో ‘రిమోట్’ అని ఉన్నంత మాత్రాన ఏ ఊరివారినైనా తీసుకుంటారని కాదు. పన్నులు, కార్మిక చట్టాలు, గడియారం మూడూ కలిసి ఆ మాటకు హద్దులు గీస్తాయి. మార్కెటింగ్ మేనేజర్ పనిలో ఎక్కువ భాగం నిర్ణయాలే. ఎదురుగా లేని మనిషి నిర్ణయాన్ని నమ్మాలంటే కంపెనీకి రాతలో, లెక్కలో ఆధారం కావాలి. భారత్ నుంచి విదేశీ కంపెనీకి పనిచేసేవారి విషయంలో చివరికి చేతిలో మిగిలేది ఎంతో తేల్చేది జీతం అంకె ఒక్కటే కాదు, ఒప్పందం రకం కూడా.

ప్రకటనలో ఆ మాటకు అర్థం

లింక్డ్‌ఇన్‌లో ‘మార్కెటింగ్ మేనేజర్’ అని వెతికి, పని చోటు దగ్గర ‘రిమోట్’ ఎంచుకుంటే పేజీల కొద్దీ ప్రకటనలు వస్తాయి. నాలుగైదు తెరిచి అడుగు దాకా చదివితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకదానిలో ‘అమెరికాలో నివసించేవారు మాత్రమే’ అని ఉంటుంది. మరోదానిలో ‘న్యూయార్క్ సమయంతో కనీసం నాలుగు గంటలు కలవాలి’ అంటారు. ఇంకొకటి ‘రిమోట్, బెంగళూరు’. ఇలా ఊరి పేరు తగిలించి ఉన్నప్పుడు అప్పుడప్పుడూ ఆఫీసుకు రావాల్సి ఉంటుందన్న సంగతి చాలాసార్లు ఇంటర్వ్యూ మధ్యలో గానీ తెలియదు.

ఎక్కడి నుంచైనా పని చేయవచ్చన్న కంపెనీ మళ్లీ దేశం పేరు ఎందుకు అడుగుతుందన్నది చాలామందికి అంతుపట్టదు. దీనికి ప్రధాన కారణం చట్టమే. అమెరికా కంపెనీ కొత్తగా ఒక రాష్ట్రంలో ఒక్క ఉద్యోగిని పెట్టుకున్నా, సాధారణంగా అక్కడి పేరోల్ పన్నులకు (జీతాల మీద కట్టేవి), నిరుద్యోగ బీమాకు నమోదు చేసుకోవాలి. వేరే దేశంలో అయితే ఈ పని ఇంకా పెద్దది. భారత్‌లో జీతం ఇవ్వాలంటే టీడీఎస్, పీఎఫ్, ఇక్కడి కార్మిక చట్టాలు అన్నీ చూసుకోవాలి. దానికి ఒక భారతీయ సంస్థ ఉండాలి, లేదా మధ్యలో మరొకరు ఉండాలి. దీనికి తోడు ఇంకో భయం ఉంది. ఇక్కడి మనిషి కంపెనీ తరఫున తరచూ ఒప్పందాలు కుదురుస్తుంటే, ఆ కంపెనీకి భారత్‌లో వ్యాపార స్థావరం ఉన్నట్టు పరిగణించి ఆదాయపు పన్ను శాఖ పన్ను అడిగే అవకాశం ఉంటుంది. ఈ విషయంలో సేల్స్ మేనేజర్‌తో పోలిస్తే మార్కెటింగ్ మేనేజర్‌కు కొంత అనుకూలం, ఎందుకంటే మార్కెటింగ్‌లో సంతకాలు పెట్టే పని తక్కువ. విదేశీ కంపెనీతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం అభ్యర్థికి పనికొస్తుంది.

గడియారం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు చలికాలంలో సాయంత్రం 7:30, వేసవిలో 6:30. నాలుగు గంటలు కలవాలంటే రాత్రి పదిన్నర, పదకొండున్నర దాకా కూర్చోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే చలికాలంలో పని మొదలయ్యేదే రాత్రి 10:30కి. లండన్‌లో తొమ్మిదంటే ఇక్కడ మధ్యాహ్నం 1:30 లేదా 2:30. దుబాయ్‌లో తొమ్మిదంటే ఇక్కడ పదిన్నర. అమెరికా కంపెనీలు ఎక్కువ ఇస్తాయని అందరూ అటే దరఖాస్తు చేస్తారు. ఏళ్ల తరబడి చేయదగ్గ వేళలు మాత్రం బ్రిటన్, గల్ఫ్ కంపెనీల దగ్గరే ఉన్నాయి. ఇంట్లో చిన్న పిల్లలున్నవారికి ఈ తేడా జీతంలో తేడా కంటే పెద్దది.

వెనక్కి పిలిచినవారు, పిలవనివారు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంటి నుంచి పని తప్పనిసరి అయింది. ఆ తర్వాత దారులు చీలాయి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి అదే చేసింది. వీడియో మీటింగులతోనే ప్రపంచానికి పరిచయమైన జూమ్ సైతం 2023 ఆగస్టులో, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్నవారు వారానికి రెండు రోజులు రావాలని చెప్పింది. మరోవైపు గిట్‌ల్యాబ్, ఆటోమాటిక్ వంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొవిడ్ రాకముందు నుంచే ఆఫీసు లేకుండా నడుస్తున్నాయి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూస్తే ఈ చీలికకు మూలం కొంత అర్థమవుతుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్‌లో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ఇంటి నుంచి పనిచేసిన కాల్ సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం పెరిగిందని తేలింది. అయితే అదే స్థాయి పనితీరు చూపినా వారికి పదోన్నతులు తక్కువగా దక్కాయి. కాల్ సెంటర్‌లో పనిని కాల్స్ లెక్కన కొలవచ్చన్నది ఇక్కడ మరవకూడదు. అదే కంపెనీలో 1,612 మందిపై చేసిన మరో ప్రయోగం 2024లో వెలువడింది. అది వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే పద్ధతి. ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు, పనితీరు దెబ్బతినలేదు. ప్రయోగానికి ముందు మేనేజర్లను అడిగితే ఉత్పాదకత 2.6 శాతం తగ్గుతుందని అంచనా వేశారు. ముగిశాక వాళ్లే 1 శాతం పెరిగిందన్నారు.

అంటే పైవారి నమ్మకం కళ్లారా చూశాకే మారుతోంది. కొత్తగా చేరాలనుకునే అభ్యర్థిని కంపెనీ అంతకుముందు చూసి ఉండదు. అందుకే పూర్తి రిమోట్ ఉద్యోగం కొత్తవారికంటే, అదే కంపెనీలో రెండేళ్లు పనిచేసి ‘ఇక ఊరి నుంచి చేస్తాను’ అని అడిగినవారికి తేలిగ్గా దొరుకుతుంది. రిమోట్ ఉద్యోగం వెతకడమంటే పోర్టళ్లు తిరగడమే అనుకునేవారు ఉన్న ఉద్యోగాన్నే రిమోట్‌గా మార్చుకునే ఈ దారిని గమనించడం లేదు.

మేనేజర్ పని ఎందుకు వేరు

కంటెంట్ రాసేవారు, యాడ్స్ నడిపేవారు, డిజైనర్లు ఏ ఊళ్లో ఉన్నా చేసిన పని ఫైలు రూపంలో కనిపిస్తుంది. మేనేజర్ దగ్గర అలాంటి ఫైలు ఉండదు. బడ్జెట్‌లో ఎంత గూగుల్‌కు, ఎంత ఈవెంట్లకు పెట్టాలి, సేల్స్‌వాళ్లు ‘మీ లీడ్లు (ఆసక్తి చూపి వివరాలు ఇచ్చినవారు) పనికిరావు’ అన్నప్పుడు ఏం చేయాలి, ఏజెన్సీని ఉంచాలా మార్చాలా అన్నవి ఆయన లేదా ఆమె తేల్చాల్సిన విషయాలు. ఆఫీసులో ఇవన్నీ మీటింగు ముగిసి బయటికి నడుస్తున్నప్పుడు, క్యాంటీన్‌లో టీ దగ్గర సగం తేలిపోతాయి. రిమోట్‌లో ఆ టీ లేదు. ఆ సగాన్ని కూడా కాగితం మీద పెట్టాలి. గిట్‌ల్యాబ్ తన పని పద్ధతులన్నీ రాసిన హ్యాండ్‌బుక్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. రిమోట్ కంపెనీ లోపల రాత ఎంత పని చేస్తుందో తెలుసుకోవాలంటే అందులోని మార్కెటింగ్ విభాగాన్ని ఒక పూట చదివితే చాలు.

ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి మన అభ్యర్థులు పడే బెంగ ఈ ఉద్యోగాల విషయంలో కొంత అనవసరం. ఎంత స్పష్టంగా రాస్తారన్నదే ముందు చూస్తారు.

రెజ్యూమెలో ఒక్క లైను

రెజ్యూమెలలో తరచూ కనిపించే లైను ఇలా ఉంటుంది: ‘డిజిటల్ క్యాంపెయిన్లను విజయవంతంగా నిర్వహించి లీడ్లను గణనీయంగా పెంచాను.’ ఇది చదివిన కంపెనీకి ఏమీ తెలియదు. దీని వెనుక ఉండగల అసలు కథను ఊహించి ఒక ఉదాహరణగా చూద్దాం.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలకు 10 లక్షల రూపాయలు యాడ్స్‌కు పెడుతోంది. 400 లీడ్లు వస్తున్నాయి, అంటే ఒక్కో లీడ్‌కు 2,500 రూపాయలు. వాటిలో చివరికి డబ్బు కట్టి చేరింది 8 మంది. ఒక్కో కస్టమర్‌కు 1,25,000 పడింది. కొత్త మేనేజర్ వచ్చి సేల్స్‌వాళ్ల కాల్ నోట్స్ చదివితే, సగం లీడ్లు కాలేజీ విద్యార్థులవి, ఉద్యోగం కోసం వెతికేవారివి అని తేలింది. ‘ఫ్రీ’, ‘కోర్సు’, ‘జీతం’ అన్న మాటలతో వచ్చే సెర్చ్‌లను మినహాయించారు. ఫారంలో కంపెనీ పరిమాణం అడగడం మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత అదే 10 లక్షలకు లీడ్లు 250కి పడిపోయాయి. ఒక్కో లీడ్ ఖర్చు 4,000కు పెరిగింది. కానీ కస్టమర్లు 15 మంది అయ్యారు. ఒక్కొక్కరికి అయిన ఖర్చు దాదాపు 66,700.

పై లైను రాసిన మనిషి ఈ కథలో లీడ్లను ‘పెంచలేదు’, తగ్గించారు. వారి గొప్పతనం సరిగ్గా అక్కడే ఉంది. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఇంకా తేలనిదేమిటి అన్న ఐదు సంగతులతో ఒక పేజీ రాస్తే ఐదు పేజీల రెజ్యూమె చేయని పని అది చేస్తుంది. నెల నెలా పాత యజమాని ముందు ఈ లెక్క ఎలా పెట్టారో అందులోనే కనిపిస్తుంది, కొత్త యజమానికి కావలసిందీ అదే. పాత కంపెనీ అంకెలను బయటపెట్టకూడదు కాబట్టి పేరు తీసేసి, మొత్తాల బదులు శాతాలు వాడాలి. అంకెల గోప్యత పాటించే తీరును కూడా ఇంటర్వ్యూ చేసేవారు గమనిస్తారు.

ఇలాంటి మూడు పేజీలు సిద్ధంగా ఉన్నవారికి వంద దరఖాస్తులు అవసరం లేదు.

ఎక్కడ వెతకాలి

వీ వర్క్ రిమోట్లీ, వెల్‌ఫౌండ్ వంటి సైట్లు, కంపెనీల సొంత కెరీర్ పేజీలు అందరికీ తెలిసినవే. అంతకంటే ముఖ్యం, ఏ రంగానికి సరిపోతారో తేల్చుకోవడం. చెన్నైలో పుట్టిన జోహో, ఫ్రెష్‌వర్క్స్, హైదరాబాద్‌లో మొదలైన డార్విన్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇక్కడ కూర్చుని బయటి దేశాల కొనుగోలుదారులకు అమ్ముతున్నాయి. అలాంటి చోట పనిచేసినవారికి విదేశీ కస్టమర్ ఎలా ఆలోచిస్తాడో తెలుసు. ఎఫ్‌ఎంసీజీలో, అంటే సబ్బులు, బిస్కెట్ల వంటి రోజువారీ సరుకుల రంగంలో, డీలర్ల నెట్‌వర్క్ నడిపిన అనుభవం ఎంత గొప్పదైనా రిమోట్‌కు నేరుగా అతకదు. ఆ పని జిల్లాల్లో తిరిగితే గానీ జరగదు.

మేనేజర్ స్థాయి ఖాళీలు చాలావరకు తెలిసినవారి ద్వారా నిండుతాయి. పాత బాస్, పాత ఏజెన్సీ, ఒకప్పటి క్లయింటు, వీరిలో ఎవరైనా ఒకరు ‘ఈ మనిషి చెప్పిన రోజుకు చెప్పిన పని ఇస్తాడు’ అని చెబితే చూడకుండా నమ్మాల్సిన భయం సగం తగ్గుతుంది.

ఎంపికలో భాగంగా ‘మా ఉత్పత్తికి 90 రోజుల ప్లాన్ వేసి ఇవ్వండి’ అని పని ఇస్తారు. రెండు మూడు గంటల పని అడగడం న్యాయమే. వారం రోజుల పని ఉచితంగా అడిగితే ఆలోచించాలి. ఆటోమాటిక్ వంటి కంపెనీలు చేరేముందు కొన్నాళ్లు డబ్బిచ్చి ప్రయోగాత్మకంగా పని చేయించుకునే పద్ధతి పాటించాయి. అభ్యర్థే ఆ మాట ఎత్తి ‘రెండు వారాలు డబ్బు తీసుకుని చేస్తాను’ అనడంలో తప్పేమీ లేదు. ఉన్న ఉద్యోగంలో ఉండగానే ఇలా చేయాలనుకుంటే మాత్రం ముందు పాత ఒప్పందం చదువుకోవాలి. రెండు చోట్ల పనిచేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని తీసేసింది.

ఒప్పందం: చేతికి ఎంత మిగులుతుంది

విదేశీ కంపెనీకి ఇక్కడి నుంచి పనిచేయడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ఆ కంపెనీకి భారత్‌లో సంస్థ ఉంటే మామూలు ఉద్యోగమే. రెండోది, ‘డీల్’, ‘రిమోట్’ అనే పేర్లున్న సంస్థల వంటి మధ్యవర్తి కంపెనీలు కాగితం మీద యజమానిగా ఉంటాయి. జీతం స్లిప్, పీఎఫ్, టీడీఎస్ అన్నీ వాటి ద్వారా వస్తాయి, పని మాత్రం విదేశీ కంపెనీకి. మూడోది కాంట్రాక్టర్‌గా ఇన్‌వాయిస్ పంపడం. చిన్న స్టార్టప్‌లు ఎక్కువగా అడిగేది ఈ మూడోదే, ఎందుకంటే వారికి అదే చవక.

కాంట్రాక్టర్‌గా నెలకు 2,500 డాలర్లు ఇస్తామన్నారనుకుందాం. డాలరుకు 85 రూపాయల లెక్క వేసుకుంటే నెలకు 2,12,500, ఏడాదికి 25.5 లక్షలు. 25 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం వార్షిక ఖర్చు) ఉన్న ఉద్యోగంతో ఇది సమానమని అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే లెక్క వేరు. యజమాని పీఎఫ్ వాటా లేదు, గ్రాట్యుటీ లేదు, ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకోవాలి. జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఆ పది రోజుల డబ్బు ఒప్పందంలో రాసి ఉంటేనే వస్తుంది. డాలర్లు రూపాయలుగా మారేటప్పుడు బ్యాంకు గానీ పేమెంట్ కంపెనీ గానీ కొంత మినహాయించుకుంటుంది.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. విదేశీ క్లయింటు టీడీఎస్ కోయడు కాబట్టి ముందస్తు పన్నును జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీలలోగా విడతలుగా కట్టుకోవాలి. ఇది తెలియక మార్చి చివర్లో వడ్డీతో కట్టేవారు ఎందరో. సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఎగుమతి సేవలకు పన్ను సున్నా అయినా, పన్ను కట్టకుండా బిల్లు పంపాలంటే ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి. పై ఉదాహరణలో రాబడి 25.5 లక్షలు కాబట్టి ఇది వర్తిస్తుంది. అమెరికా కంపెనీ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపమంటుంది. అది తాము అమెరికావాసులం కాదని చెప్పే పత్రం, దాన్ని చూసి కంగారు పడాల్సిన పనిలేదు.

ఇల్లు కొనాలనుకునేవారు ఇంకో విషయం చూసుకోవాలి. జీతం స్లిప్పులతో హోమ్ లోన్ అడగడం తేలిక. కాంట్రాక్టర్‌ను బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి.

నోటీసు పీరియడ్ దగ్గర చాలా ఆఫర్లు చేజారుతున్నాయి. ఇక్కడి కంపెనీలలో 60, 90 రోజుల నోటీసు మామూలు. విదేశీ స్టార్టప్‌కు నెల రోజులు ఆగడమే కష్టం. అదే స్టార్టప్ తాను ఇచ్చే కాంట్రాక్టులో మాత్రం రెండు వారాల నోటీసుతో తీసేసే హక్కు పెట్టుకుంటుంది. ఆ రెండు వారాలను కనీసం నెలకు పెంచమని అడగడం, జీతంలో మరో వంద డాలర్లు అడగడం కంటే తెలివైన బేరం. ‘మానేశాక ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదు’ అనే షరతు గురించి: భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం అలాంటి నిర్బంధం సాధారణంగా చెల్లదు. అయితే ఒప్పందం ఏ దేశపు చట్టం కింద ఉందో ముందు చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి

హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి రిమోట్ అంటే నచ్చిన ఊరికి మారిపోవడం కుదరదు. వీసా పత్రాలు పనిచేసే ప్రాంతానికి ముడిపడి ఉంటాయి. ఇల్లు వేరే మెట్రో ప్రాంతానికి మారితే సాధారణంగా కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. వారిపై ఆధారపడి హెచ్‌-4 వీసా మీద ఉన్న జీవిత భాగస్వాములలో అర్హులకు 2015 నుంచి పని అనుమతి పత్రం ఇస్తున్నారు. మార్కెటింగ్ అనుభవం ఉండి పెళ్లయ్యాక అక్కడికి వెళ్లిన ఎందరో తెలుగు మహిళలకు రిమోట్ ఉద్యోగం మంచి దారే. కాకపోతే ఆ పత్రం చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి.

ఇదే పేరుతో జరుగుతున్న మోసం

‘డిజిటల్ మార్కెటింగ్, ఇంటి నుంచి పని’ అన్న మాటలను నేరగాళ్లు బాగా వాడుకుంటున్నారు. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. వీడియోలకు లైక్ కొట్టమంటారు, హోటళ్లకు రేటింగ్ ఇవ్వమంటారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే ఖాతాలో పడతాయి. అక్కడి నుంచి టెలిగ్రామ్ గ్రూపులోకి లాగి, పెద్ద టాస్కుకు ముందుగా డిపాజిట్ కట్టమంటారు. కట్టిన డబ్బు తెరపై పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే ‘పన్ను’ కట్టమంటారు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగ మోసాలకు వాడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్ర హోంశాఖ సిఫార్సు మీద మూసివేశారు. ఏ నిజమైన కంపెనీ అయినా చేరడానికి డబ్బు అడగదు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అయినా సరే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే డబ్బు వెళ్లిన ఖాతాను ఆపే అవకాశం ఎక్కువ.

ముందున్నది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో మహిళలను దృష్టిలో పెట్టుకుని ఇంటి నుంచి పనిని, ఊళ్లలో కో-వర్కింగ్ కేంద్రాలను ప్రోత్సహిస్తామని చెప్పింది. భీమవరంలోనో కడపలోనో ఇన్వర్టర్, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టుకుని సొంత ఖర్చుతో పనిచేస్తున్నవారికి అలాంటి చోటు నిజంగా అందుబాటులోకి వస్తే మేలే.

అసలు చిక్కు నిచ్చెన మొదటి మెట్టు దగ్గర వస్తోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక బ్లాగులు, ఈమెయిళ్లు, యాడ్ కాపీలు రాసే పనిలో కొంత యంత్రానికి వెళ్లింది. 2024 మే నుంచి గూగుల్ తన సెర్చ్ ఫలితాల పైనే ఏఐ సమాధానం చూపిస్తోంది. దాంతో వెబ్‌సైట్‌కు వచ్చే రద్దీ మీద ఆధారపడ్డ ఉద్యోగాలు ఒత్తిడిలో పడ్డాయి. ఇప్పటి మేనేజర్లు చాలామంది ఆ పనులతోనే మొదలుపెట్టి ఎదిగినవారు. పక్క కుర్చీలో సీనియర్ బడ్జెట్ షీట్ తెరిచి ‘ఈ క్యాంపెయిన్ ఎందుకు ఆపేశానో చూడు’ అని చూపిస్తే నేర్చుకున్నవారు. పూర్తి రిమోట్‌లో ఆ పక్క కుర్చీ లేదు, చిన్న పనులూ తగ్గుతున్నాయి. కాబట్టి ఇప్పుడే డిగ్రీ పూర్తిచేసినవారికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఏజెన్సీలో, జీతం తక్కువైనా రెండు మూడేళ్లు ఆఫీసుకు వెళ్లి పనిచేయడం రిమోట్ మేనేజర్ ఉద్యోగానికి దూరమయ్యే దారిలా కనిపించవచ్చు. రెజ్యూమె దగ్గర చెప్పుకున్న ఆ మూడు పేజీల్లో రాయడానికి కావలసిన లెక్కలు చాలామందికి దొరికేది మాత్రం అక్కడే.